బట్టతల: హార్మోన్ల వాటా ఎంత, అలవాట్ల వాటా ఎంత? తేల్చుకుని ఏం చేయాలి?

అమీర్‌పేట హాస్టల్లో బోరు నీళ్లు, బైకు మీద హెల్మెట్, హైటెక్ సిటీలో నైట్ షిఫ్ట్: జుట్టు పల్చబడిన కుర్రాళ్లు హైదరాబాద్‌లో ఎక్కువగా నిందించేది వీటినే. బోరు నీటిలోని ఉప్పులకు వెంట్రుక గరుకెక్కుతుంది, తెగుతుంది కూడా. కుదురుకు మాత్రం ఏమీ కాదు. హెల్మెట్ వల్లా బట్టతల రాదు. నిద్ర చాలకపోతే ఒంటికి చేటే, కానీ నెత్తి మీద ఖాళీని గీసేది వంశపారంపర్యం, హార్మోను కలిసి.

1. ముందు ఎక్కడ ఊడుతోందో చూడండి

కణతల దగ్గర జుట్టు వెనక్కి జరిగి, నడినెత్తి పల్చబడి, పక్కలా వెనకా ఒత్తుగానే ఉంటే అది మగవాళ్ల బట్టతల. డెంగీ, టైఫాయిడ్, కడుపు మాడ్చుకునే డైటింగ్ తర్వాత రెండు మూడు నెలలకు తలంతా కుచ్చులుగా రాలితే అది వేరు. కారణం తొలగితే చాలావరకు తిరిగి వస్తుంది. గుండ్రంగా నున్నటి మచ్చలైతే పేనుకొరుకుడు కావచ్చు. దాని చికిత్సే వేరు.

2. హార్మోను ఏం చేస్తుంది?

మగ హార్మోను టెస్టోస్టిరాన్‌ను 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము డీహెచ్‌టీ అనే మరో హార్మోనుగా మారుస్తుంది. పుట్టుకతోనే దీన్ని తట్టుకోలేని కుదుళ్లలో వెంట్రుక పెరిగే కాలం తగ్గిపోతుంది. ఊడి మొలిచిన ప్రతిసారీ ఇంకా సన్నగా, పొట్టిగా వస్తుంది. ఆ గుణం తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ రావచ్చు. బట్టతల ఉన్నవారిలో టెస్టోస్టిరాన్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. కాబట్టి కేవలం దీనికోసం ఆ పరీక్షకు డబ్బు పోయకండి.

3. అలవాట్లలో సరిదిద్దుకోవాల్సినవి

జిమ్‌లో ఎవరో ఇచ్చే స్టిరాయిడ్ ఇంజెక్షన్లు అన్నిటికన్నా ప్రమాదం. బట్టతల గుణం ఉన్నవారికి అవి నేరుగా మంటకు ఆజ్యం. సిగరెట్ మానండి. 65 కిలోల మనిషికి రోజుకు 50-60 గ్రాముల ప్రోటీన్ అందాలి: గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల పచ్చి కందిపప్పులో 22 వరకు ఉంటాయి. తలంతా రాలుతుంటే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, అవసరమైతే విటమిన్ డి చూపించుకోండి. బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి. థైరాయిడ్ ఫలితం తప్పుగా రావచ్చు.

ఇవన్నీ చేసినా డీహెచ్‌టీ తన పని ఆపదు. అందుకే చికిత్సను వాయిదా వేయొద్దు. కుదురు పూర్తిగా మూసుకుపోయాక మందుకు పట్టు దొరకదు.

4. మందు ఎలా వాడాలి?

మినాక్సిడిల్ 5 శాతం ద్రావణం: పొడి మాడు మీద ఉదయం 1 మి.లీ., రాత్రి 1 మి.లీ. పాయ తీసి చర్మానికి తాకేలా రాయాలి. జుట్టుకు పూస్తే వృథా. నాలుగు గంటలు తల తడపొద్దు. పడుకోవడానికి రెండు గంటల ముందే రాస్తే దిండుకు అంటదు. గుండెజబ్బు, తక్కువ బీపీ ఉంటే ముందు డాక్టరును అడగాలి.

మొదటి వారాల్లో రాలడం పెరగవచ్చు. పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటిస్తున్నాయన్నమాట. చాలామంది భయపడి ఇక్కడే మానేస్తారు, అక్కడే నష్టపోతారు. ఫలితం తేలడానికి నాలుగు నుంచి ఆరు నెలలు కావాలి. ఆపేస్తే వచ్చింది కొన్ని నెలల్లో పోతుంది.

ఫినాస్టెరైడ్ 1 మి.గ్రా. రోజూ వేసుకునే మాత్ర, డీహెచ్‌టీ తయారీనే తగ్గిస్తుంది. చర్మవ్యాధి నిపుణులు రాస్తేనే వాడాలి. కొద్దిమందికి లైంగిక కోరిక తగ్గుతుంది, కొందరికి దిగులు వస్తుంది, వెంటనే చెప్పాలి. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష విలువను ఇది దాదాపు సగానికి తగ్గిస్తుంది, ఆ పరీక్షకు వెళ్తే మాత్ర సంగతి దాచకండి. విరిగిన మాత్రను గర్భిణులు ముట్టుకోకూడదు. వాడుతున్నన్నాళ్లూ, ఆపాక ఒక నెల వరకూ రక్తదానం వద్దు.

5. ఫలితం కొలవడం

మూడు నెలలకోసారి అదే లైటు కింద, పొడి జుట్టుతో నుదురు, నడినెత్తి ఫొటో తీయండి. అద్దంలో రోజూ చూసుకుంటే ఏదీ తెలియదు. జుట్టు మార్పిడి ఆలోచన వస్తే ఒకటి గుర్తుంచుకోండి: వెనక నుంచి తెచ్చి నాటినవి నిలుస్తాయి, వాటి మధ్య ఉన్న పాతవి మాత్రం పల్చబడుతూనే ఉంటాయి. ఆపరేషన్ తర్వాతా మందు కొనసాగాలా అన్నది డబ్బు కట్టకముందే అడగండి.