పికప్ ఇంజనులో కీచుమోత, ప్లగ్గుల మార్పు: నా అనుభవం

టెక్సాస్‌లో నేను నడుపుతున్న 2003 నాటి ఫోర్డ్ లైట్నింగ్ పికప్‌కు సూపర్‌చార్జర్ (ఇంజనులోకి అదనంగా గాలిని నెట్టే పరికరం) బిగించిన 5.4 లీటర్ల వి8 ఇంజను ఉంది. లక్షన్నర మైళ్లు దాటిన తరువాత, చల్లటి ఉదయాల్లో స్టార్ట్ చేయగానే అది కీచుమని అరవసాగింది. ఇటువంటి మోత వినగానే సూపర్‌చార్జరే పోయిందేమోనన్న భయం కలగడం సహజమే గానీ, అంత ఖరీదైన భాగాన్ని అనుమానించే ముందు ఇంజను ముందున్న బెల్టు తీసి, అది చుట్టుకుని తిరిగే పుల్లీలను (చక్రాలను) ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి చూడటం మేలని నా అభిప్రాయం. సూపర్‌చార్జర్ పుల్లీ నునుపుగా తిరిగింది. బెల్టును దారిలో ఉంచే ఒక ఐడ్లర్ పుల్లీ మాత్రం లోపల ఇసుక పడ్డట్టు గరగరలాడింది, బేరింగులో గ్రీజు పూర్తిగా ఎండిపోయింది. దానితోపాటు పగుళ్లు కనిపిస్తున్న బెల్టునూ మార్చాను, మోత ఆగింది.

స్పార్క్ ప్లగ్గుల పని మరింత ఓపికను కోరుతుంది. ప్లగ్గులు బిగించే ఇంజను పైభాగం (హెడ్) అల్యూమినియంది, వేడిగా ఉండగా విప్పితే దాని మరలు దెబ్బతినవచ్చు కనుక, ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగి, ప్లగ్గులుండే గుంతల్లోని మట్టిని గాలితో ఊదేసి, అప్పుడు ప్లగ్గులు విప్పాను. కొత్తవాటిని మొదట చేత్తోనే మరలు పట్టించి, చివర్లో మాత్రమే టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) వాడాను. క్యాబిన్ వైపున్న వెనుక ప్లగ్గులకు చేయి దూరడమే కష్టం. గట్టిపడిన కాయిల్ బూట్లను (ప్లగ్గులపై కూర్చునే రబ్బరు తొడుగులను) కూడా అప్పుడే మార్చేశాను.