పెళ్లైన పైఅధికారి చనువును అంచనా వేయడం ఎలా?

పైఅధికారి మంచిగా మాట్లాడినంత మాత్రాన మనసు పడ్డాడని అనుకోవడం తొందరపాటే. అయితే ఆ మంచితనం నలుగురిలో ఒకలా, ఎవరూ లేనప్పుడు మరోలా ఉంటే గమనించక తప్పదు. మిర్యాలగూడలోని రైస్ మిల్లు ఆఫీసైనా, మహబూబ్‌నగర్‌లోని షోరూమైనా మొదట చూడవలసింది ఆయన తక్కిన ఉద్యోగులతోనూ ఇలాగే ఉంటున్నాడా అన్నదే. అందరికీ చాయ్ తెప్పించే మనిషి మీకూ తెప్పిస్తే అందులో వెతకవలసిందేమీ లేదు.

ఫోన్‌లో సంగతి ఇంకా తేటగా బయటపడుతుంది. పగలు ‘స్టాక్ రిజిస్టర్ పంపండి’ అని రాసే వ్యక్తి రాత్రి పది దాటాక ‘తిన్నావా?’ అని పలకరించడం, వాట్సాప్ స్టేటస్‌లో మీరు కట్టుకున్న చీరను మెచ్చుకోవడం, కాసేపటికి ఆ సందేశాన్ని తుడిచేయడం గమనించారనుకోండి. నా దృష్టిలో చివరిదే అసలైన గుర్తు, ఎందుకంటే అది దాచవలసిన మాటేనని ఆయనకు ముందే తెలుసు. ఇక భార్య తనను అర్థం చేసుకోదని వాపోవడం పాత పాటే, దానికి ఓదార్పు మాటలు చెప్పకుండా పని విషయానికి వచ్చేయండి.

అనుమానం తేలకపోతే ఒక చిన్న విషయంలో కాదని చూడండి. జడ్చర్ల దాకా కారులో దింపుతానంటే ‘వద్దు సార్, బస్సుకే పోతాను’ అనండి. సరేనని ఊరుకుంటే ఆయన మర్యాదకే అడిగి ఉండవచ్చు. మర్నాటి నుంచి మీ సెలవు చీటీ మీద సంతకం పెట్టకుండా తిప్పుతున్నాడంటే మాత్రం అది ఇష్టం కాదు, పెత్తనం. మీకూ ఆయనపై మనసుంటే, ఆయన సంసారంతో పాటు మీ జీతం పెంపు కూడా ఆయన చేతిలోనే ఉందని లెక్క వేసుకోండి.

వద్దన్నా ఆగకపోతే సందేశాలను తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పని స్థలంలో మహిళలపై లైంగిక వేధింపులను నిషేధించే 2013 నాటి చట్టం ప్రకారం, 10 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ మంది ఉన్నా, ఫిర్యాదు యజమానిపైనే అయినా జిల్లా స్థాయి స్థానిక కమిటీని ఆశ్రయించాలి. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విచారణ సాగుతున్నంతకాలం ఆయన కింద పనిచేయడం కష్టమైతే, బదిలీ గానీ 3 నెలల వరకు సెలవు గానీ కోరుతూ కమిటీకి రాసివ్వవచ్చు. ఆ సెలవును మీకు మామూలుగా రావలసిన సెలవుల్లోంచి కోయరు.