న్యూట్రాన్‌తో తనిఖీ – 3వ పాఠం: షెల్ కంటే ముందు నేల

మెటల్ డిటెక్టర్ నేలలో లోహం ఉందని మాత్రమే చెబుతుంది. అది పేలకుండా మిగిలిన షెల్ (ఫిరంగి గుండు) అయితే, లోపల ఉన్నది పేలుడు మందా, ఇసుకా అన్నది తేల్చడానికే న్యూట్రాన్ పరికరం. న్యూట్రాన్లు తగిలినప్పుడు ఒక్కో మూలకం విడుదల చేసే గామా కిరణాల శక్తి గత పాఠంలో చూశాం: హైడ్రోజన్ 2.22 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు), కార్బన్ 4.44, ఆక్సిజన్ 6.13, నైట్రోజన్ 10.83. ఈసారి ఆరుబయట పరీక్ష ఎలా చేస్తారో చూద్దాం. కాగితం మీదే లెండి. న్యూట్రాన్ జనరేటర్ వాడాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. నిజంగా షెల్ కనబడితే ముట్టుకోకుండా దూరం జరిగి పోలీసులకు చెప్పాలి.

చాలామంది నైట్రోజన్ కనబడితే చాలు, బాంబే అనేసుకుంటారు. గుంటూరు రైతులకు బాగా తెలిసిన యూరియా బస్తా చూడండి: 46 శాతం నైట్రోజన్. షెల్స్‌లో నింపే పేలుడు మందు టీఎన్‌టీలో 18.5 శాతమే! పోనీ కార్బన్, ఆక్సిజన్ నిష్పత్తి చూద్దామా? టీఎన్‌టీలో 7 కార్బన్ పరమాణువులకు 6 ఆక్సిజన్, అంటే 1.17. యూరియాలో 1. దగ్గరదగ్గరే. హైడ్రోజన్ కూడా లెక్కేస్తే తేడా తెలుస్తుంది: ఒక్కో కార్బన్‌కు టీఎన్‌టీలో 0.71, యూరియాలో 4. మరో పేలుడు మందు ఆర్‌డీఎక్స్‌కు కార్బన్, ఆక్సిజన్ నిష్పత్తి 0.5, ఒక్కో కార్బన్‌కు హైడ్రోజన్ 2.

ఈ లెక్కలన్నీ గాలిలో వేలాడే షెల్‌కు. నేల మీద పెట్టగానే కథ మారిపోతుంది. మట్టిలోని సిలికా నుంచి కూడా ఆక్సిజన్ సంకేతం వస్తుంది, దాంతో టీఎన్‌టీలో కార్బన్ తక్కువున్నట్టు కనబడుతుంది. తడి ఉంటే హైడ్రోజన్ పెరుగుతుంది, న్యూట్రాన్ల వేగం తగ్గి ఇనుము సంకేతమూ పెరుగుతుంది. కృష్ణా ఇసుక త్వరగా ఆరుతుంది. గుంటూరు నల్లరేగడి మాత్రం వాన వెలిశాక కూడా నీళ్లు పట్టుకునే ఉంటుంది. ఇసుకలో సరిచూసుకున్న పరికరాన్ని అలాగే రేగడిలోకి తెస్తే నమ్మకూడదు.

అందుకే ముందు అదే నేల మీద, అదే ఎత్తులో, అంతే సేపు, షెల్ లేకుండా ఖాళీ కొలత తీసుకోవాలి. షెల్ కొలతలోంచి దాన్ని తీసేసినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే షెల్ ఇనుము కూడా న్యూట్రాన్లను మళ్లిస్తుంది. అదే సైజు షెల్‌లో ఇసుక నింపి మరో కొలత తీసుకుంటే అది ఇంకా మంచి ఆధారం. షెల్స్ పెట్టేవాళ్లు ఒకరు, రీడింగ్ తీసేవాళ్లు మరొకరు అయి ఉండాలి. ఇసుకను మందు అన్న తప్పులు, మందును ఇసుక అన్న తప్పులు వేర్వేరుగా రాయాలి. మొత్తం మీద ఇంత శాతం కరెక్ట్ అని ఒకే అంకె చూపించే రిపోర్టును నేనైతే పక్కన పెట్టేస్తాను.

అభ్యాసం: అభ్యాసం కోసం కల్పించిన మూడు కొలతలు ఇవి, నేల వాటా తీసేశాక. మొదటి షెల్: కార్బన్, ఆక్సిజన్ నిష్పత్తి 0.52, నైట్రోజన్ గట్టిగా ఉంది. రెండోది: నిష్పత్తి 1.1, ఒక్కో కార్బన్‌కు హైడ్రోజన్ 3.9, నైట్రోజన్ ఉంది. మూడోది: కార్బన్, హైడ్రోజన్ బాగా ఉన్నాయి, ఆక్సిజన్, నైట్రోజన్ లేవు. దేనిలో ఏముందో రాయండి. వాన పడ్డ మర్నాడైతే వీటిలో ఏ కొలత మళ్లీ తీయమంటారో కూడా రాయండి. జవాబులు 4వ పాఠంలో.