ఐబీపీఎస్ దరఖాస్తు: ఫొటో, సంతకం, వేలిముద్ర ఫైళ్లు ఏ ఫార్మాట్‌లో, ఎలా సిద్ధం చేసుకోవాలి?

బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ నుంచి నోటిఫికేషన్ రాగానే అభ్యర్థులు ముందుగా చూసేవి వయసు, విద్యార్హత, ఫీజు, ఆఖరి తేదీ. అప్‌లోడ్ చేయాల్సిన ఫొటో, సంతకాల వివరాలు నోటిఫికేషన్ చివర్లో అనుబంధంగా ఉంటాయి. వాటిని చాలామంది ఫారం నింపడం మొదలుపెట్టాకే, ఎర్ర అక్షరాల్లో పొరపాటు సందేశం కనిపించాకే వెతుక్కుంటారు.

మా వీధిలో డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి ఒకసారి ఆఖరి తేదీకి ముందు రోజు రాత్రి నా దగ్గరికి వచ్చింది. సంతకం ఫైలును ఫారం తీసుకోవడం లేదు. పరిమాణం సరిగా లేదని సందేశం వచ్చిన ప్రతిసారీ ఫైలును ఇంకాస్త కుదించి మళ్లీ ప్రయత్నించింది. ఫైలు బరువు చూస్తే 3 కేబీ (కిలోబైట్లు) ఉంది. ఫారం అడుగుతున్నది 10 కేబీ నుంచి 20 కేబీ. ఆమె ఫైలు పెద్దదై తిరిగి రాలేదు, మరీ చిన్నదై తిరిగి వచ్చింది. గీత గీతకూ మసక పట్టి ఆ సంతకం ఎవరిదో చెప్పలేని స్థితికి చేరింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఫైలు బరువు దేనివల్ల పెరుగుతుందో, దేనివల్ల తగ్గుతుందో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆ సంగతి వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఫారం అడిగేవి

కొన్నేళ్లుగా ఐబీపీఎస్ నోటిఫికేషన్లలో కనిపిస్తున్న కొలతలు ఇవి. మీరు దరఖాస్తు చేస్తున్న నోటిఫికేషన్‌తో తప్పక సరిచూసుకోండి.

ఫొటో: 200×230 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు), 20 నుంచి 50 కేబీ.
సంతకం: 140×60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ.
ఎడమ బొటనవేలి ముద్ర: 240×240 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ.
చేతిరాతలో ధ్రువీకరణ: 800×400 పిక్సెళ్లు, 50 నుంచి 100 కేబీ.

నాలుగూ జేపెగ్ ఫార్మాట్‌లోనే ఉండాలి. ఫైలు పేరు చివర జేపీజీ అని ఉన్నా జేపెగ్ అని ఉన్నా ఒకటే. పాత కంప్యూటర్లలో ఫైలు పేరు తోకకు మూడు అక్షరాలకు మించి చోటు ఉండేది కాదు, అందుకే ఆ పొట్టి రూపం పుట్టింది. ఇటీవలి నోటిఫికేషన్లలో వీటికి తోడు వెబ్ కెమెరాతోనో ఫోనుతోనో అప్పటికప్పుడు ముఖం ఫొటో తీయమంటున్నారు. దానికి మీరు ఫైలు తయారు చేయనక్కర్లేదు. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుంటే చాలు.

జేపెగ్ ఎందుకు, మిగతావి ఎందుకు కావు

200×230 అంటే 46,000 చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు కలిపి 3 బైట్లు. ఏమీ కుదించకుండా దాస్తే 1,38,000 బైట్లు, అంటే దాదాపు 135 కేబీ. పాత విండోస్ కంప్యూటర్ల బీఎంపీ ఫైలు సాధారణంగా ఇలాగే ఉంటుంది. బొమ్మలో ఏమీ పోదు, కానీ బరువు తగ్గదు. లక్షల దరఖాస్తులు భద్రపరచాల్సిన చోట అది కుదరదు.

జేపెగ్ 1992లో ప్రమాణంగా స్థిరపడింది. జాయింట్ ఫొటోగ్రాఫిక్ ఎక్స్‌పర్ట్స్ గ్రూప్ అనే నిపుణుల బృందం పేరే దానికి వచ్చింది. అది మనిషి కంటి స్వభావాన్ని ఆసరా చేసుకుంటుంది. మన కన్ను వెలుగునీడల్లో తేడాను పట్టుకున్నంత బాగా రంగుల్లోని చిన్న తేడాను పట్టుకోలేదు. అందుకే జేపెగ్ బొమ్మను 8×8 చుక్కల గళ్లుగా విడగొట్టి, కంటికి పెద్దగా తెలియని వివరాన్ని వదిలేస్తుంది. ముఖం, ఆకాశం, చీర అంచు లాంటి సహజమైన దృశ్యాలకు ఇది చక్కగా పనిచేస్తుంది. అయితే వదిలేసిన వివరం మళ్లీ రాదు. ఒకసారి కుదించిన దాన్ని తెరిచి, మార్చి, మళ్లీ జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. తెల్లకాగితం మీద నల్లసిరా గీతలాగా వెలుగు ఒక్కసారిగా మారే చోట గీత పక్కన బూడిదరంగు మరకలు పుడతాయి. సంతకం ఫైళ్లు ఫొటోలకన్నా తొందరగా పాడవడానికి కారణం ఇదే.

పీఎన్‌జీ స్వభావం దీనికి పూర్తిగా వేరు. గిఫ్ ఫార్మాట్‌లో వాడే కుదింపు పద్ధతిపై పేటెంటు గొడవ వచ్చాక, దానికి బదులుగా 1996లో ఇది వచ్చింది. ఎన్నిసార్లు దాచినా ఒక్క చుక్క మారదు. అక్షరాలు, గీతలు, ముద్రలు, స్క్రీన్‌షాట్లకు దీన్ని మించింది లేదు. చేతిరాత ధ్రువీకరణకు కూడా ఇదే సరైనది కదా అనిపిస్తుంది. అయితే కాగితాన్ని స్కాన్ చేస్తే మన కంటికి తెల్లగా కనిపించే చోట కూడా కాగితపు నూగు, నీడ, మడత గుర్తు అన్నీ వస్తాయి. పీఎన్‌జీ ఆ నూగులో చుక్కనూ వదలదు కాబట్టి ఫైలు బరువెక్కుతుంది. ఫొటోల విషయంలోనూ అంతే. గిఫ్‌లో 256 రంగులకు మించి ఉండవు, ముఖం మీద రంగు మెట్లుమెట్లుగా విరిగిపోతుంది. టిఫ్ అనే ఫార్మాట్, పత్రాలను భద్రపరిచే సంస్థలకు మంచిది, ఫారాలకు బరువు.

ఇప్పుడు ఎక్కువ ఇబ్బంది పెడుతున్నవి కొత్త ఫార్మాట్లు. ఐఫోన్లు 2017 నుంచి ఫొటోలను హెచ్‌ఈఐసీగా దాస్తున్నాయి. జేపెగ్‌తో పోలిస్తే దాదాపు సగం బరువులో అంతే నాణ్యత ఇస్తుంది. సాంకేతికంగా మెరుగైనదే, కానీ దరఖాస్తు ఫారం దాన్ని గుర్తించదు. ఫోను సెట్టింగుల్లో కెమెరా, దానిలో ఫార్మాట్స్ తెరిచి 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే అప్పటినుంచి తీసే ఫొటోలు జేపెగ్‌గా వస్తాయి. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ కూడా తేలికైనదే. వెబ్‌సైట్ల నుంచి దింపుకున్న బొమ్మలు తరచుగా ఇదే రూపంలో ఉంటాయి. ఫోనులోని స్కానింగ్ యాప్‌లు ఇచ్చే పీడీఎఫ్ అసలు బొమ్మల ఫార్మాటే కాదు. బొమ్మలనూ అక్షరాలనూ కలిపి పెట్టుకునే సంచి లాంటిది. యాప్‌లో చిత్రంగా దాచుకునే వీలు ఉంటే దాన్నే ఎంచుకోండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫైలు పేరు చివర పీఎన్‌జీ తీసేసి జేపీజీ అని రాస్తే ఫార్మాట్ మారదు. జేపెగ్ ఫైలు లోపలి మొదటి రెండు బైట్లు 255, 216. పీఎన్‌జీ మొదటి బైటు 137. వెబ్‌సైటు పేరును నమ్మకుండా ఈ గుర్తులను చూస్తే మీ ఫైలు తిరిగి వస్తుంది. ఫైలును తెరిచి, 'సేవ్ యాజ్' ద్వారా జేపెగ్‌గా దాచుకోవడమే సరైన దారి.

నాలుగు ఫైళ్ల తయారీ

స్కానర్ ఉంటే 200 డీపీఐ (అంగుళానికి 200 చుక్కలు) లేదా అంతకు మించి, పూర్తి రంగుల్లో స్కాన్ చేయండి. లేకపోతే కాగితాన్ని కిటికీ పక్కన బల్ల మీద పరిచి, మీ చేతి నీడ పడకుండా నిటారుగా పైనుంచి ఫోనుతో తీయండి. ఆ మొదటి ఫైలును 'అసలు' అని పేరుపెట్టి పక్కన దాచుకోండి. దాన్ని ముట్టుకోవద్దు. కొలత కుదరక మళ్లీ చేయాల్సి వస్తే ప్రతిసారీ ఆ అసలు నుంచే కొత్త నకలు తీయాలి. నకలుకు నకలు తీసుకుంటూ పోతే మా వీధి అమ్మాయి సంతకానికి పట్టిన గతే పడుతుంది. ఫోను నుంచి కంప్యూటర్‌కు పంపడానికి వాట్సాప్ వాడితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే దారిలోనే ఇంకోసారి కుదించి పంపుతుంది.

ఫొటో దగ్గర ఒక చిక్కు ఉంది. స్టూడియోలో ఇచ్చే పాస్‌పోర్టు ఫొటో సాధారణంగా 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు. ఫారం అడిగే 200×230 నిష్పత్తి దానికి సరిపోదు. మొత్తం ఫొటోను బలవంతంగా ఆ కొలతలో ఇరికిస్తే ముఖం దాదాపు 12 శాతం వెడల్పవుతుంది. పరీక్ష కేంద్రంలో మీ ముఖాన్ని పోల్చి చూసేది ఆ ఫొటోతోనే. కాబట్టి ముందు ఎత్తులో సుమారు అర సెంటీమీటరు, వీలైనంతవరకు చొక్కా వైపు నుంచి కత్తిరించి, ఆ తర్వాత కొలత తగ్గించండి. పొడవు వెడల్పుల నిష్పత్తిని నిలిపి ఉంచే గుర్తును తీసేయవద్దు. నేపథ్యం లేత రంగు, వీలైతే తెలుపు. చూపు నేరుగా కెమెరా వైపు. టోపీ, నల్ల కళ్లద్దాలు వద్దు. మామూలు కళ్లద్దాలు ఉంటే వాటి మీద వెలుగు మెరవకూడదు, కళ్లు స్పష్టంగా కనిపించాలి.

200×230 ఫొటోను జేపెగ్‌గా దాచేటప్పుడు నాణ్యతను 100కు 75 దగ్గర పెడితే 20 కేబీకి తక్కువే రావచ్చు. అప్పుడు నాణ్యతను 90కి, 95కి పెంచండి. బరువు తక్కువైందని ఫారం చెబితే మీకు మేలే, ఇంకా మంచి ఫొటో పెట్టే అవకాశం దొరికినట్టు. విండోస్ పెయింట్‌లో నాణ్యతను మార్చే వీలు లేదు. ఉచితంగా దొరికే గింప్, ఇర్ఫాన్‌వ్యూ లాంటి ఫొటో ప్రోగ్రాముల్లో ఉంటుంది.

సంతకానికి తెల్లకాగితం మీద పెన్సిలుతో 7 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల ఎత్తు గడి గీసుకుని, దాని లోపల నల్లసిరాతో సంతకం చేయండి. 140×60కి నిష్పత్తి సరిగ్గా అదే. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో చేసిన సంతకాన్ని ఐబీపీఎస్ అంగీకరించదు. గడి గీతలు రాకుండా లోపలికి కత్తిరించాక లెక్క చూడండి: 140×60 అంటే 8,400 చుక్కలు, అసలేమీ కుదించకపోయినా 25 కేబీ కూడా లేదు. అందులో ఎక్కువ భాగం తెల్లకాగితం. దాన్ని జేపెగ్ చేస్తే, నాణ్యత ఎంత పెంచినా 10 కేబీకి చేరకపోవచ్చు. నోటిఫికేషన్‌లో ఫొటో, సంతకం పిక్సెళ్ల పక్కన ఆ కొలతకు ప్రాధాన్యం అని మాత్రమే ఉంటుంది. కేబీ హద్దు మాత్రం ఖచ్చితం. అందుకే అదే నిష్పత్తిలో 280×120 గానో 420×180 గానో అసలు స్కాన్ నుంచి నకలు తీస్తే బరువు హద్దుల్లోకి వస్తుంది, గీత కూడా తేటగా ఉంటుంది. ఆ రాత్రి మేము చేసింది ఇదే.

వేలిముద్రకు నలుపు లేదా నీలం సిరా, తెల్లకాగితం. ఎడమ బొటనవేలు లేనివారు కుడి బొటనవేలి ముద్ర ఇవ్వవచ్చు. సిరా ఎక్కువైతే రేఖలు కలిసిపోయి నల్లటి మచ్చ మిగులుతుంది. మూడు నాలుగు ముద్రలు వేసి, రేఖలు విడివిడిగా కనిపించేదాన్ని ఎంచుకోండి. ఇక్కడ కుదింపు తక్కువగా ఉండాలి. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వేలిముద్రలను కంప్యూటర్లలోకి ఎక్కించేటప్పుడు జేపెగ్‌ను పక్కనపెట్టి 1993లో వేరే పద్ధతిని ప్రమాణంగా తెచ్చుకుంది. గట్టిగా కుదిస్తే 8×8 గళ్ల అంచులు వేలి రేఖల మధ్యలో తేలి కనిపించడమే కారణం. మన ఫారం జేపెగే అడుగుతుంది కాబట్టి 50 కేబీకి లోబడి వీలైనంత ఎక్కువ నాణ్యత ఇవ్వండి.

ధ్రువీకరణను నోటిఫికేషన్‌లో ఇచ్చిన వాక్యాలతోనే, ఇంగ్లీషులో, అభ్యర్థి స్వయంగా నల్లసిరాతో రాయాలి. పెద్దక్షరాల్లో రాస్తే చెల్లదు, మరొకరు రాసిపెట్టినా చెల్లదు. 10 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తులో సరిపోయేలా రాస్తే 200 డీపీఐలో దాదాపు 800×400 వస్తుంది. వాక్యాలను ముందుగా చిత్తుకాగితం మీద రాసి చూసుకోండి. కొట్టివేతలు లేకుండా చివరి పంక్తి దాకా పట్టేలా అక్షరం సైజు అప్పుడే తెలుస్తుంది.

ఫైలు తగ్గించే ఉచిత వెబ్‌సైట్ల జోలికి దయచేసి వెళ్లవద్దు. మీ ముఖం, సంతకం, వేలిముద్ర, చేతిరాత నాలుగూ ఒకేచోట ముక్కూ మొహం తెలియనివారి చేతికి అందుతాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిముద్రను మార్చుకోలేం. నెట్ సెంటర్‌లో పని చేయించుకుంటే, ముగిశాక ఆ కంప్యూటర్‌లోంచి ఫైళ్లు తొలగించి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేయించి రండి.

అప్‌లోడ్ చేసే వరుస

ఐబీపీఎస్ అధికారిక వెబ్‌సైట్‌లో మీ నోటిఫికేషన్‌కు సంబంధించిన లింకు తెరిచి కొత్త రిజిస్ట్రేషన్ ఎంచుకోండి. పేరు, ఫోను నంబరు, ఈమెయిల్ ఇవ్వగానే తాత్కాలిక రిజిస్ట్రేషన్ నంబరు, పాస్‌వర్డ్ వస్తాయి. ఫోనుకూ మెయిలుకూ కూడా వస్తాయి, అయినా కాగితం మీద రాసుకోండి. తర్వాత ఫొటో, సంతకం అప్‌లోడ్, ఆపై విద్యార్హత, చిరునామా వంటి వివరాలు. అవన్నీ ఒకసారి చూసుకున్నాక వేలిముద్ర, ధ్రువీకరణ అప్‌లోడ్, చివరగా ఫీజు. మధ్యలో కరెంటు పోయినా, దాచుకుంటూ వచ్చిన వివరాలు ఆ నంబరుతో మళ్లీ తెరుచుకుంటాయి.

ప్రతి అప్‌లోడ్ తర్వాత తెరమీద కనిపించే బొమ్మను నిదానంగా చూడండి. ఫొటో ఉండాల్సిన చోట సంతకం, సంతకం చోట ఫొటో పడటం అరుదేమీ కాదు. ఫోనుతో తీసిన ఫొటో మీ ఫోనులో నిటారుగా, ఫారంలో పక్కకు పడిపోయి కనిపించవచ్చు. ఏ వైపు తిప్పి చూపించాలో చెప్పే చిన్న గుర్తును ఫోను ఫైలులో దాస్తుంది, కొన్ని వెబ్‌సైట్లు దాన్ని చదవవు. పెయింట్‌లో తెరిచి, ఒకసారి తిప్పి సరిచేసి దాచుకుంటే ఆ గొడవ తీరుతుంది. ముఖం, సంతకం మసకగా ఉంటే ఫారం ఆపకపోవచ్చు. అది చూసేది ఫార్మాట్‌నూ బరువునూ మాత్రమే. స్పష్టత సంగతి మీరే చూసుకోవాలి, అదీ రిజిస్ట్రేషన్ పూర్తిచేసే బటన్ నొక్కకముందే. ఆ తర్వాత ఆ పేజీలో దిద్దే వీలుండదు.

దరఖాస్తు ముద్రించుకున్నాక నాలుగు అసలు ఫైళ్లనూ, అప్‌లోడ్ చేసిన నాలుగు నకళ్లనూ ఒకే ఫోల్డరులో పెట్టి, నోటిఫికేషన్ పేరు, తేదీ రాసి ఉంచండి. అప్‌లోడ్ చేసిన ఫొటో ప్రతులు కొన్ని కాగితం మీద కూడా తీయించుకోండి. హాల్ టికెట్ మీద అతికించడానికి అదే ఫొటో కావాలి.