పెద్దవారితో ఓడ ప్రయాణం – 5వ పాఠం: సాయంత్రపు రేవులో మూడు గంటలు

గత పాఠంలో ఓడలో గదిని ఎంచుకోవడం, అది లిఫ్టుకు దగ్గరగా ఉండవలసిన అవసరం గురించి తెలుసుకున్నాము. ఈసారి నేర్చుకోవలసింది ఒకే ఒక లెక్క. ఓడ సాయంత్రం కొద్ది గంటలు మాత్రమే ఆగే ఊరిలో తల్లినో తండ్రినో వెంటబెట్టుకొని దిగితే, మన చేతిలో నిజంగా ఎంత సమయం మిగులుతుందో, అందులో ఎంత వారి ఒంటికి పడుతుందో ముందే తేల్చుకోవాలి. ఉదాహరణకు, సింగపూర్ నుంచి బయలుదేరే ఓడలు ఆగే రేవుల్లో ఒకటైన మలేషియాలోని పెనాంగ్‌ను తీసుకుందాము. విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉండడం వల్ల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి ఈ మార్గం సులువుగా అందుతుంది.

ఓడ సాయంత్రం 4 గంటలకు చేరి రాత్రి 10 గంటలకు బయలుదేరుతుందని కార్యక్రమంలో ఉన్నదనుకోండి. ఆ ఆరు గంటలూ మనవి కావు. లెక్కను చివరి నుంచి మొదలుపెట్టాలి. బయలుదేరే వేళకు అరగంట నుంచి గంట ముందే అందరూ ఓడలో ఉండాలన్న నిబంధన ఉంటుంది. అది 9 గంటలనుకుంటే, భద్రతా తనిఖీకీ, రేవులోని నెమ్మది నడకకూ ముప్పావు గంట పక్కన పెట్టి, 8.15కు రేవు గుమ్మం చేరాలి. ఇటువైపు చూస్తే, ఓడను కట్టగానే ఎవరినీ దిగనివ్వరు. అక్కడి అధికారుల అనుమతి వచ్చి, తొందరపడేవారి గుంపు కదిలాక మీరు నింపాదిగా దిగేసరికి 5.15 అవుతుంది. మిగిలినవి మూడు గంటలు. సింగపూర్‌కూ మలేషియాకూ గడియారం ఒకటే కాబట్టి ఇక్కడ చిక్కు లేదు కాని, వేరే మార్గాల్లో ఓడ గడియారం, ఊరి గడియారం వేరుగా ఉండవచ్చు. నిబంధనలోని వేళ ఏ గడియారం ప్రకారమో దిగేముందే అడగండి.

ఇప్పుడు ఒంటి గడియారం సంగతి చూద్దాము. పెనాంగ్ సమయం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి 7 అయినప్పుడు మన ఇంట్లో 4.30, అంటే అమ్మ కాఫీ తాగే వేళ. రాత్రి 8 గంటలకు భోంచేసే అలవాటున్న వారికి అసలైన ఆకలి అక్కడి 10.30కు వేస్తుంది. అందువల్ల ఊరిలో పెద్ద భోజనం పెట్టుకోకుండా, అక్కడి భారతీయుల పేట లిటిల్ ఇండియాలో 7 గంటల ప్రాంతంలో ఇడ్లీయో దోసెయో తినిపించి, భోజనం ఓడలో ఏర్పాటు చేసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇన్సులిన్ తీసుకునేవారి విషయంలో మాత్రం మన ఊహ పనికిరాదు. ఏ రోజు ఏ వేళకు తీసుకోవాలో బయలుదేరేముందు డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి.

నడక విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఓడ నుంచి దిగే వంతెన వాలు సముద్రపు పోటును బట్టి మారుతుంది. దిగినప్పుడు సులువుగా ఉన్నది ఎక్కేటప్పుడు నిటారుగా ఉండవచ్చు. పెనాంగ్‌లో ఓడ స్వెటెన్‌హామ్ పియర్ అనే రేవు గట్టుకే ఆనుకుంటుంది కాబట్టి చిన్న పడవలోకి దిగే బాధ లేదు. అయితే రేవు ఉన్న పట్టణం జార్జ్‌టౌన్ పాత వీధుల్లో దుకాణాల ముందున్న వరండాలే నడకదారులు. ఒక దుకాణానికీ పక్క దుకాణానికీ మధ్య మెట్టు ఎత్తు మారిపోతుంది, అంచున లోతైన కాలువలుంటాయి. కంటిశుక్లం ఉన్నవారికి మసక వెలుతురులో ఇది నిజమైన ప్రమాదం. అక్కడ సూర్యాస్తమయం 7 గంటల తరువాతనే కనుక, నడిచే కొద్దిపాటి దూరాన్నీ అంతకుముందే ముగించండి. మూడు చక్రాల సైకిల్ రిక్షా ముచ్చటగా ఉంటుంది కాని, మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి కారు ఎక్కడమే తేలిక. ఓడలోని వీల్‌చెయిర్‌ను సాధారణంగా ఊరిలోకి ఇవ్వరు. అవసరమైతే మడిచే కుర్చీని ఇంటి నుంచే తీసుకువెళ్ళాలి.

మూడు గంటల్లో చూడవలసినది ఒకే చోటు. నేనైతే క్వీన్ వీధిలోని శ్రీ మహామారియమ్మన్ ఆలయాన్ని ఎంచుకుంటాను. అది 1833 నాటిది. రేవు నుంచి దాదాపు కిలోమీటరు, లిటిల్ ఇండియా మధ్యలోనే ఉంది. సాయంత్రం తెరిచే వేళను ముందుగా కనుక్కోండి. రేవుకు సమీపంలో విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్ళు నిండిన గుర్తుగా 60 అడుగుల ఎత్తున కట్టిన గడియార స్తంభం ఉంది. దారి తప్పిపోతే కలుసుకోవలసిన చోటు ఇదేనని పెద్దవారికి చూపించండి.

ఈ ఊరిని ఎంచుకోవడానికి నాకు మరొక కారణమూ ఉంది. మన ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు మలయా (నేటి మలేషియా ప్రాంతం) రబ్బరు తోటల పనికి వెళ్ళాయి, దక్షిణ భారత కూలీలు ఓడ దిగిన రేవుల్లో పెనాంగ్ ఒకటి. మీ నాన్నగారు చిన్నతనంలో అలా వెళ్ళినవారి పేర్లు విని ఉండవచ్చు. ప్రయాణానికి ముందే అడిగి చూడండి, ఆ రేవులో కాలు పెట్టడమే వారికి చాలునేమో.

కాగితాల్లో ఒక్కటి మరువకండి: ఓడ సింగపూర్ విడిచి మళ్ళీ సింగపూర్‌కే వస్తుంది కాబట్టి, అక్కడి వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించడానికి పనికొచ్చేదై ఉండాలి.

అభ్యాసం: వచ్చే వారంలో ఒక సాయంత్రం, ఎండ తగ్గాక, పెద్దవారితో విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకానో, శ్రీకాకుళంలో అరసవల్లి గుడి వీధిలోనో వారి వేగంలోనే నడవండి. ఎంతసేపు పట్టిందో, ఎన్నిసార్లు ఆగారో, ఎప్పుడు మూత్రశాల అవసరమైందో రాసుకోండి. అలసటను వారు నోటితో చెప్పరు. మాటలు తగ్గడం, గోడను పట్టుకోవడం, చెప్పు సరిచేసుకునే నెపంతో ఆగడం గమనించాలి. ఆ గుర్తు ఎన్నో నిమిషానికి కనిపించిందో, పెనాంగ్‌లో అంతకు ఐదు నిమిషాల ముందే కూర్చోబెట్టేలా మీ మూడు గంటల పట్టికను రాయండి. ఆ పట్టికను వారికి చదివి వినిపించి, దిగడం ఇష్టం లేకపోతే ఓడ పైఅంతస్తులో కూర్చొని ఊరి దీపాలు చూడవచ్చని కూడా చెప్పండి. అప్పుడు వారి వద్ద ఎవరు ఉంటారో అదే పట్టికలో చేర్చండి.