వీలునామా రాసేది పెద్ద కతేం కాదు

మా కడప పక్క వీలునామా మాటెత్తితే చాలు "ఏంది, నేనెప్పుడు పోతానా అని చూస్తాండావా" అంటారు పెద్దోళ్లు, అందుకే ముందు మీది మీరు రాసేయండి. స్టాంప్ పేపర్ అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు, కానీ మీరు సంతకం పెట్టేది ఇద్దరు సాక్షులు చూసి వాళ్లూ పెట్టాల, ఆస్తి వచ్చేవాళ్లని మాత్రం సాక్షులుగా పిలవొద్దు, మీకంటే చిన్నోళ్లయితే మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే గొడవలు తగ్గుతాయి.

సొంత సంపాదన మీ ఇష్టం, పిత్రార్జితంలో మీ భాగం వరకే, అందులో 2005 నుంచి ఆడబిడ్డలకీ సమాన వాటా (ఎంత అరిచినా మారదు), ఇది హిందువుల సంగతి, ముస్లింలకి లెక్క వేరే.

బ్యాంకు ఖాతాలో నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకిచ్చే మనిషంతే, ఓనర్ కాదు. చేను పాస్‌బుక్, ఎల్‌ఐసీ బాండు యాడున్నాయో ఇంట్లో ఒకరికన్నా చెప్పండి.