టెక్సస్ జేపీ కోర్టులో మీ కేసు మీరే చెప్పుకోవడం ఎలా?

ఇల్లు ఖాళీ చేసినా డిపాజిట్ రాలేదనీ, అడ్వాన్సు పట్టుకెళ్లిన కాంట్రాక్టర్ ఫోనెత్తడం లేదనీ బాధపడి, చివరికి ఆ డబ్బు వదిలేసుకునేవాళ్లు డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్లలో చాలామంది ఉన్నారు. వదులుకోనక్కర్లేదు. టెక్సస్‌లో 20,000 డాలర్ల దాకా తగాదాలను జస్టిస్ ఆఫ్ ది పీస్ (జేపీ) అనే చిన్న తగాదాల కోర్టులో లాయరు లేకుండానే తేల్చుకోవచ్చు.

అవతలివారు ఉండే చోటో, గొడవ జరిగిన చోటో ఏ ప్రిసింక్ట్ (కౌంటీలో ఒక్కో జేపీ కోర్టు పరిధి) కిందికి వస్తుందో చూసుకుని అక్కడ పిటిషన్ వేయండి. ఫీజు 54 డాలర్లు, నోటీసు అందించే ఖర్చు వేరు. నోటీసు మీరే పట్టుకెళ్లి ఇస్తే చెల్లదు. కానిస్టేబులో, కోర్టు కాగితాలు అందించే అనుమతి ఉన్న ప్రాసెస్ సర్వరో ఇవ్వాలి. జవాబు వేయడానికి అవతలివారికి 14 రోజుల గడువు. తర్వాత విచారణ తేదీ పడుతుంది. 22 డాలర్లు కట్టి ముందుగా అడిగితే ఆరుగురి జ్యూరీ కూర్చుంటుంది. డిపాజిట్ కేసుకి మాత్రం జ్యూరీ అడగనే అడగకండి, జడ్జి చాలు.

గెలవాల్సిన కేసులు పోయేది విచారణ రోజున, సాక్ష్యం చూపించే దగ్గర.

ఫోన్ తెరిచి "ఇదిగో సార్, ఫోటో" అంటూ వెతుక్కుంటూ నిలబడేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ప్రతి ఫోటో, ప్రతి మెసేజ్, ప్రతి రసీదు ప్రింటు తీయండి. మూడేసి కాపీలు: జడ్జికి ఒకటి, అవతలివారికి ఒకటి, మీకొకటి. తేదీల వరుసలోనే పెట్టండి, పేజీలకు నంబర్లు వేయండి. వాట్సాప్‌లో తెలుగులో రాసుకున్న మాటలుంటే పక్కనే ఇంగ్లీషు అనువాదం ఉండాలి. దుబాసీ కావాలంటే కోర్టు క్లర్కును వారాల ముందే అడగండి.

డిపాజిట్ కేసుకి ప్రాణం ఒకే ఒక్క కాగితం: కొత్త చిరునామా రాసిస్తూ యజమానికి మీరు పంపిన ఉత్తరం. అది అందాక, ఇల్లు అప్పగించిన 30 రోజుల్లో ఆయన డిపాజిట్ తిరిగివ్వాలి, కోత పెడితే వివరంగా లెక్క చెప్పాలి. ఆ కోత న్యాయమైనదేనని రుజువు చేసుకోవలసిన బాధ్యత కూడా ఆయనదే. దురుద్దేశంతో ఆపాడని తేలితే, అన్యాయంగా ఆపిన సొమ్ముకి మూడు రెట్లు, పైన 100 డాలర్లు ఇవ్వాల్సి వస్తుంది. ఈ ఉత్తరం ఎప్పుడూ సర్టిఫైడ్ మెయిల్‌లోనే పంపాలి.

ముందు మాట్లాడేది వాది. ఎంత రావాలో, ఎందుకు రావాలో మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయండి. యజమాని ఎంత చెడ్డవాడో చెప్పడం మొదలుపెట్టారా, అసలు విషయం కొట్టుకుపోతుంది. లాయరులా "అబ్జెక్షన్" అనడం ఇంకా అనవసరం. ఇక్కడ కఠినమైన సాక్ష్య నియమాలు మామూలుగా వర్తించవు, జడ్జే స్వయంగా ప్రశ్నలు వేసి నిజం రాబట్టవచ్చు. అందుకే కట్టుదిట్టమైన కాగితాలున్న మనిషి అనర్గళంగా మాట్లాడే మనిషి కంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటాడు. అవతలివారు మాట్లాడేటప్పుడు అడ్డు తగలకండి, రాసుకోండి, మీ వంతు వచ్చాక అడగండి.

తీర్పు నచ్చకపోతే 21 రోజుల్లో అప్పీలు వేయాలి. కౌంటీ కోర్టులో విచారణ మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది. గెలిచినా డబ్బు వసూలు చేసిపెట్టడం కోర్టు పని కాదు. అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ జడ్జిమెంట్ (తీర్పు బాకీని ఆస్తి మీద నమోదు చేయించే పత్రం) తీసుకుని, ఓడినవారికి స్థలమో ఇల్లో ఉన్న కౌంటీలో రికార్డు చేయించండి.